తిరుగు టపా: చదువులో ‘నిమగ్నత’ చరిత్ర గురించి

‘విద్యార్థి నిమగ్నత’ అనే మాట ఈ ఇరవై ఏళ్ళుగా ఉన్నతవిద్యా పరిశోధనలో ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఆన్‌లైన్ చదువుమీద వచ్చే ఏ పరిశోధన వ్యాసం తిరగేసినా మొదటి పేరాలోనే ఎదురవుతుంది. ఇంగ్లీషులో ఎంగేజ్‌మెంట్. మన ఇళ్ళల్లో ఆ మాటకు నిశ్చితార్థమని అర్థం, ఆ సంగతి అలా ఉంచుదాం. సాహిత్యంతో పనిపెట్టుకున్నవాళ్ళకు ఆ మాటతో ఇంకో పరిచయం ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రచయిత బాధ్యత గురించి సార్త్ర్ చర్చ లేవదీసినప్పుడు వాడిన ఫ్రెంచి మాటకూడా అదే. దాన్ని మనం నిబద్ధత అన్నాం. నిబద్ధత వేరా, నిమగ్నత వేరా అని మన విమర్శకులు చాలా పుటలు ఖర్చుపెట్టారు. రచయిత ఎవరి పక్షాన నిలబడ్డాడన్నది అక్కడ ప్రశ్న. అదే మాట ఈనాడు విద్యారంగంలో, కుర్రవాడు వీడియో ఎన్ని నిమిషాలు చూశాడు, ఎక్కడ ఆపాడు, ఎన్నిసార్లు మీట నొక్కాడు అనే లెక్కగా మారింది. ఒక మాట ఇంతదూరం దిగజారిందంటే దానికి భౌతికమైన కారణాలు ఉండాలి. వాటిని వెతకాలంటే కంప్యూటరు దగ్గర మొదలుపెడితే చాలదు. టపా దగ్గర మొదలుపెట్టాలి.

ముందు ఆ మాట పుట్టుక గురించి నాలుగు ముక్కలు. 1975లో విన్సెంట్ టింటో అమెరికన్ కాలేజీల్లో విద్యార్థులు మధ్యలో ఎందుకు మానేస్తున్నారని ప్రశ్న వేసుకుని ఒక వ్యాసం రాశాడు. 1984లో అలెగ్జాండర్ ఆస్టిన్ ‘ప్రమేయం’ అనే సిద్ధాంతం ముందుకు తెచ్చాడు. విద్యార్థి చదువుమీద వెచ్చించే శారీరక, మానసిక శక్తి ఎంత అన్నది అందులో కీలకం. 2000 నుంచి ఇండియానా విశ్వవిద్యాలయం కేంద్రంగా జార్జి కూ వంటివారు దీన్నే ఏటేటా జరిగే సర్వేగా మార్చారు. 2004లో మరి ముగ్గురు పరిశోధకులు నిమగ్నతను ప్రవర్తన, ఉద్వేగం, ఆలోచన అని మూడు పాళ్ళుగా విభజించారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ మూడు గళ్ళనే నింపుకుంటూ పోతున్నారు. వీళ్ళ శ్రమను నేను తీసిపారెయ్యను. అయితే ఆస్టిన్ కనుక్కున్న విషయం ఒకటి గమనించండి: కాలేజీ హాస్టల్లో ఉన్నవాడు చదువులో నిలబడతాడు, బయట పూర్తికాలం ఉద్యోగం చేసేవాడు జారిపోతాడు. ఇది నిజమే. కాని దీన్ని ‘ప్రమేయం’ అనే పేరుతో చెప్పేసరికి, పొట్టకోసం పనిచెయ్యడం విద్యార్థిలోని లోపంగా కనిపించడం మొదలయింది. పనిగంటలు, కూలిరేట్లు మాట్లాడవలసినచోట మనస్తత్వశాస్త్రం మాట్లాడసాగింది. ఇక టపా సంగతి.

1840లో ఇంగ్లండులో పెన్నీ టపా వచ్చింది. ఒక పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పోతుంది. అదే ఏడు ఐజాక్ పిట్మన్ తన షార్ట్‌హాండును ఉత్తరాల ద్వారా నేర్పడం ప్రారంభించాడు. పాఠం కార్డుమీద పోయేది. శిష్యుడు బైబిల్లోంచి కొద్దిభాగాన్ని షార్ట్‌హాండులో రాసి పంపేవాడు. పిట్మన్ దిద్ది తిప్పిపంపేవాడు. దూరవిద్య చరిత్ర రాసేవాళ్ళందరూ ఈ ఘట్టాన్ని చెబుతారు. అయితే వాళ్ళు పాఠం పోవడాన్ని చూస్తారు, జవాబు రావడాన్ని అంతగా చూడరు. పిట్మన్ పద్ధతిలో ప్రాణం తిరుగు టపాలో ఉంది. శిష్యుడి చేతిరాత గురువు కళ్ళబడేది. గురువు ఎర్రసిరా శిష్యుడి ఇంటికి చేరేది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే ఇంకో సంప్రదాయం 1858లో లండన్ విశ్వవిద్యాలయం పెట్టింది. ఎక్కడ చదివావన్నది మాకు అనవసరం, పరీక్ష రాసి నెగ్గితే డిగ్రీ ఇస్తాం, అంది. ఇందులో ఒక ప్రజాస్వామిక గుణం లేకపోలేదు. చర్చితో, కులీన కుటుంబాలతో పెనవేసుకున్న ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల గడప తొక్కలేనివాళ్ళకు దారి దొరికింది. కాని అది బోధన లేని పరీక్ష. నువ్వు ఎలా నేర్చుకున్నావో అడగదు, నేర్చుకోలేకపోతే ఎందుకు నేర్చుకోలేకపోయావో అడగనే అడగదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు ఆ లండన్ నమూనాలోనే తయారయ్యాయి. పాఠం చెప్పడం కాలేజీల పని, విశ్వవిద్యాలయం పని పరీక్ష పెట్టడం. మన చదువుకు పరీక్షరోగం ఎక్కడినుంచి అంటుకుందని అడిగేవాళ్ళు ఈ పుట్టుకను గుర్తుపెట్టుకోవాలి. ‘ప్రైవేటుగా కట్టాడు’ అనే మాట తెలుగులో ఇప్పటికీ బతికి ఉంది. మెట్రిక్యులేషన్‌కో, విద్వాన్‌కో, బి.ఏ.కో ప్రైవేటుగా కట్టిన పల్లెటూరి బడిపంతుళ్ళు మన సాహిత్యానికి ఎంతమంది రచయితల్ని ఇచ్చారో వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళు నెగ్గుకొచ్చారంటే అది పద్ధతి గొప్ప కాదు.

తర్వాత వచ్చిన ప్రతి యంత్రం, రేడియో అయినా టెలివిజన్ అయినా కంప్యూటర్ అయినా, ఈ రెండు సంప్రదాయాల్లో ఏదో ఒకదాని చేతిలో పడింది. యంత్రాన్నిబట్టి చదువు మారుతుందని అనుకునేవాళ్ళు ఈ చిన్న సంగతి మరిచిపోతారు. బెర్టోల్ట్ బ్రెహ్ట్ 1932లోనే రేడియో గురించి ఇదే హెచ్చరిక చేశాడు. రేడియో పంచిపెట్టే సాధనంగా మాత్రమే మిగిలిపోయిందనీ, విని ఊరుకునేవాడిచేత మాట్లాడించే సాధనంగా దాన్ని మార్చాలనీ అతని వాదం. సాంకేతికంగా అది అసాధ్యమేమీ కాదు, మార్చవలసింది సామాజిక సంబంధాలను అన్నది అందులోని సారం. సోవియట్ యూనియన్‌లో పనిచేసుకునేవారికి ఉత్తరాల ద్వారా ఉన్నతవిద్య నడిచింది. అక్కడ పరీక్షల కాలంలో జీతంతో కూడిన సెలవు చట్టంలో ఉండేది. సోవియట్ విద్యలో లోపాలు లేవని నేననను. కాని నిమగ్నతకు కాలం కావాలనీ, కాలానికి ఖరీదు ఉందనీ, ఆ ఖరీదు ఎవరో ఒకరు భరించాలనీ ఆ చట్టం గుర్తించింది. ఈనాటి సర్వేల్లో ఆ గడే ఉండదు.

బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్శిటీ కథ మనకు దగ్గరి చుట్టం. 1963లో హెరాల్డ్ విల్సన్ గ్లాస్గోలో ‘గాలి విశ్వవిద్యాలయం’ అనే ఆలోచన ప్రకటించాడు. దాన్ని నిజం చేసింది గనికార్మికుడి కూతురు, మంత్రి జెన్నీ లీ. 1969లో రాజపత్రం వచ్చింది, 1971లో పాఠాలు మొదలయ్యాయి, మొదటి ఏడే దాదాపు 24,000 మంది చేరారు. బి.బి.సి. ప్రసారాలే దాని గొప్ప అని లోకం అనుకుంది. ఇందులో లోకం పొరబడింది. ఆ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టినవి పోస్టులో వచ్చే పుస్తకాలు, దిద్ది పంపే వ్యాసాలు, ఊరూరా ఉన్న ట్యూటర్లు, వేసవి శిబిరాలు. దీనికి సాక్ష్యం సాహిత్యంలోనే దొరుకుతుంది. విలీ రసెల్ 1980లో రాసిన ‘ఎడ్యుకేటింగ్ రీటా’ నాటకంలో జుట్టుకత్తిరించే పనిచేసే యువతి ఓపెన్ యూనివర్శిటీలో సాహిత్యం చదువుకుంటుంది. నాటకమంతా ఒకే గది. ఇద్దరే మనుషులు, రీటా, ఆమె ట్యూటర్ ఫ్రాంక్. టెలివిజన్ విశ్వవిద్యాలయం గురించిన నాటకంలో రంగస్థలంమీద జరిగేదల్లా ఇద్దరు మనుషుల వాదులాట. రసెల్‌కు సిద్ధాంతం తెలిసి చేశాడో లేదో కాని, నిమగ్నతమీద వచ్చిన చాలా పరిశోధనలకంటే ఆ గది ఎక్కువ చెబుతుంది. అంతేకాదు, చదువు పెరిగినకొద్దీ రీటా తన వాడకు, తన మనుషులకు దూరమవుతుంది. ఆ నష్టం ఏ సర్వేలో వస్తుంది?

ఇదే కాలంలో జర్మనీలో ఓటో పీటర్స్ దూరవిద్యమీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు (1967). దూరవిద్య పారిశ్రామిక ఉత్పత్తిలాంటిది అన్నాడు. పాఠం రాసేవాడొకడు, సంపాదించేవాడొకడు, అచ్చువేసేవాడొకడు, సందేహం తీర్చేవాడొకడు, జవాబుపత్రం దిద్దేవాడొకడు. శ్రమవిభజన, యంత్రీకరణ, భారీ ఉత్పత్తి. పీటర్స్ మార్క్సిస్టు కాడు, దీన్ని నిందగానూ చెప్పలేదు. 1975లో హాగెన్‌లో మొదలైన దూరవిద్యా విశ్వవిద్యాలయానికి మొదటి అధిపతి కూడా అయ్యాడు. కాని మార్క్స్ చదివినవాడికి ఆ వర్ణనలో ముందేం రాబోతోందో కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో శ్రమ ముక్కలయినప్పుడు పనివాడికి మొత్తం వస్తువుతో సంబంధం తెగుతుంది. ఇక్కడ బోధన ముక్కలయినప్పుడు ఉపాధ్యాయుడికి మొత్తం విద్యార్థితో సంబంధం తెగుతుంది. ‘నిమగ్నత’ అనే సమస్య సరిగ్గా ఆ తెగినచోట పుట్టింది.

మన దగ్గరికొస్తే, 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ తన ఉపగ్రహాన్ని ఒక ఏడాది అరువిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు పంచాయితీ టీవీలు వచ్చాయి. తెలుగులోనూ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. సెలవుల్లో వేలాదిమంది ప్రాథమికోపాధ్యాయులకు సైన్సు శిక్షణ కూడా ఇచ్చారు. ప్రపంచమంతా దీన్ని మెచ్చుకుంది, మన ఇంజనీర్ల పనితనం మెచ్చుకోదగిందే. కాని ఆ ఏడాది ఏ ఏడాదో చూడండి. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ, ఆగస్టులో ఉపగ్రహం. పట్టణంలో పత్రికల నోరు నొక్కి, పల్లెలో తెర వెలిగించారు. ఊరివాళ్ళు సేద్యం గురించీ, ఆరోగ్యం గురించీ విన్నారు. ఢిల్లీనుంచి వచ్చే జాతీయ కార్యక్రమమూ విన్నారు. తెరకు ఎదురుచెప్పే దారి మాత్రం యంత్రంలోనూ లేదు, రాజ్యంలోనూ లేదు. ఏడాది తిరగగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుపోయారు.

ఈ నేపథ్యంలో 1982 ఆగస్టు 26న హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ రకం విశ్వవిద్యాలయాల్లో దేశంలోనే మొదటిది. ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులు మారిన ఆ రోజుల్లో, కొద్దినెలలే పదవిలో ఉన్న భవనం వెంకట్రామ్ హయాంలో ఇది జరిగింది. మొదటి వైస్ ఛాన్సలర్ రాజనీతిశాస్త్రవేత్త జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాన్ని మొదలుపెట్టడానికీ ఆయన్నే పిలిచారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ప్రభుత్వ ఉద్దేశాన్ని గురించి భ్రమలు అక్కర్లేదు. కాలేజీలు కట్టడం, లెక్చరర్లను నియమించడం ఖర్చుతో కూడిన పని, ఇది చవక. కాని పాలకులు ఒక ఉద్దేశంతో తెరిచిన తలుపులోంచి జనం తమ అవసరాలతో నడిచి వస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండి, ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా, అర్హత పరీక్ష నెగ్గితే బి.ఏ.లో చేరవచ్చునన్న నియమం మామూలు నియమం కాదు. ఎనిమిదో తరగతిలో పెళ్ళి చేసి పంపించిన ఆడపిల్లకు, తండ్రి చనిపోతే ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి అది రెండో జన్మ. పాఠ్యపుస్తకాలు తెలుగులో వచ్చాయి. 1968లో మొదలైన తెలుగు అకాడమీ వేసిన దారి అందుకు తోడ్పడింది. అర్థశాస్త్రం, ప్రభుత్వపాలన లాంటి విషయాలను ఒంటరిగా చదువుకునేవాడికి అర్థమయ్యేలా తెలుగు వచనంలో చెప్పడమన్నది ఒక భాషా ప్రయోగం. మన విమర్శకులు ఆ వచనాన్ని ఇంతవరకు పట్టించుకోకపోవడం అన్యాయం. కథల్లో శిల్పం వెతికేవాళ్ళు ఆ పుస్తకాల్లో వాక్యం ఎలా పొట్టిదయిందో కూడా చూడాలి.

రేడియో పాఠాలు ఉండేవి, తర్వాత టీవీ పాఠాలూ వచ్చాయి. కాని నేను చూసినంతవరకు విద్యార్థిని పట్టి నిలిపింది స్టడీ సెంటరు. మామూలు కాలేజీ గదుల్లో, ఆదివారాలు, సెలవురోజులు జరిగే తరగతులు. ఒక జిల్లా పట్టణంలో నేను కొన్నేళ్ళు తెలుగు చెప్పాను. హాజరు తప్పనిసరి కాదు. అరవైమంది పేర్లుంటే పదిహేనుమంది వచ్చేవారు. వచ్చినవారిలో బస్సు కండక్టర్లు, నర్సులు, టైలర్లు, పంచాయితీ గుమాస్తాలు ఉండేవారు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా బెంచీమీద కూర్చుని నిద్రపోయినవాడు కూడా ఉన్నాడు. అతన్ని లేపడానికి నాకు మనసొప్పలేదు. ఇవాళ్టి కొలతల ప్రకారం అతని నిమగ్నత సున్నా. యాభై కిలోమీటర్లు వచ్చి నిద్రపోయిన మనిషిని ఏమనాలి? ఒక కండక్టరు ప్రబంధ పద్యం గురించి అడుగుతూ అన్నాడు: “పుస్తకం చదివితే అర్థమయిందనిపిస్తోంది సార్. అయిందో లేదో నాకెవరు చెప్పాలి?” దూరవిద్యా శాస్త్రంలో మైకేల్ మూర్ చెప్పిన సంగతి ఇదే. దూరమంటే కిలోమీటర్లు కాదనీ, గురుశిష్యుల మధ్య అవగాహనలో ఏర్పడే ఖాళీ అనీ, సంభాషణ పెరిగినకొద్దీ అది తగ్గుతుందనీ ఆయన సిద్ధాంతం. కండక్టరు దాన్ని రెండు వాక్యాల్లో చెప్పాడు.

అక్కడ కూడా పీటర్స్ ఫ్యాక్టరీ లేకపోలేదు. నేను పాఠం చెప్పినవాళ్ళ జవాబుపత్రాలు నా దగ్గరికి వచ్చేవి కావు. ఎవరు నెగ్గారో, ఎవరు మానేశారో నాకు తెలిసేది కాదు. వచ్చే ఆదివారానికి ఒక బెంచీ ఖాళీ అయ్యేది, అంతే.

ఇక కంప్యూటర్. ఈ చరిత్రను చాలామంది ఇంటర్నెట్‌తో మొదలుపెడతారు కాని 1960లోనే ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే బోధనాయంత్రం తయారయింది. పాఠం తెరమీద వస్తుంది, విద్యార్థి జవాబు నొక్కుతాడు, తప్పయితే యంత్రం మళ్ళీ అడుగుతుంది. ఓపికగల పంతులన్నమాట. అయితే 1973లో విచిత్రం జరిగింది. ఆ వ్యవస్థలోనే కుర్రాళ్ళు ఒకరికొకరు రాసుకునే చిట్టాలు, మాట్లాడుకునే తెరలు తయారయ్యాయి. పాఠాలకోసం పెట్టిన యంత్రంచుట్టూ మనుషులు చేరింది వాటికోసమే. రాత్రుళ్ళు అక్కడే ఉండిపోయేవారు. యంత్రంతో ఒంటరిగా కూర్చోబెట్టినా మనిషి పక్కమనిషికోసం వెతుక్కుంటాడు. తర్వాత ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ ప్లేటోను సరుకుగా అమ్మడానికి పూనుకుంది. అమ్మినదేమో పాఠాల్ని.

2008లో కెనడాలో జార్జి సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ కలిసి మానిటోబా విశ్వవిద్యాలయం నుంచి ఒక కోర్సు నడిపారు. ఫీజు కట్టినవారు ఇరవై అయిదుమంది చిల్లర, ఊరికే చేరినవారు రెండువేల పైచిలుకు. అందరూ రాస్తారు, అందరూ ఒకరిదొకరు చదువుతారు. దీనికే మూక్ అనే పేరు వచ్చింది. తెలుగు చెవికి ఆ పేరు రెండు అర్థాలు చెబుతుంది. మూక అంటే గుంపు, మూక అంటే నోరులేని అని కూడా. కెనడా ప్రయోగంలో గుంపుకు నోరుంది. మూడేళ్ళు తిరిగేసరికి మొదటి అర్థం పోయి రెండోది మిగిలింది. 2011లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు కృత్రిమ మేధమీద పెట్టిన కోర్సుకు దాదాపు 1,60,000 మంది పేర్లిచ్చారు, సుమారు 23,000 మంది పూర్తిచేశారు. 2012లో పెట్టుబడి దిగింది. ఉడాసిటీ, కోర్సెరా వచ్చాయి. హార్వర్డ్, ఎం.ఐ.టి. కలిసి ఎడెక్స్ పెట్టాయి. ప్రపంచంలో ప్రతి పేదవాడికీ గొప్ప ప్రొఫెసరు అందుతాడని పత్రికలు రాశాయి.

2013 జనవరిలో కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ప్రభుత్వ విశ్వవిద్యాలయం గణితం కోర్సులను ఉడాసిటీ వీడియోలతో నడిపింది. కాలేజీ తరగతుల్లో కంటే తక్కువమంది పాసయ్యారు. జూలైలో ఆపేశారు. నవంబరులో ఉడాసిటీ స్థాపకుడే తమ సరుకు నాసిరకమని ఒక పత్రికతో ఒప్పుకున్నాడు. ఇంతకంటే ముఖ్యమైన ఘట్టం అదే విశ్వవిద్యాలయంలో ఆ వసంతంలో జరిగింది. హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ సాండెల్ న్యాయంమీద చెప్పిన ప్రసిద్ధమైన పాఠాలను మీ తరగతిలో వాడండి అంటే తత్వశాస్త్ర శాఖ వాడమంది. సాండెల్‌కు బహిరంగంగా ఉత్తరం రాసింది. ధనికుల పిల్లలకు ఎదుటనిలబడిన ఆచార్యుడు, పేదల పిల్లలకు ఆచార్యుడి వీడియో అనే రెండు తరగతుల విశ్వవిద్యాలయాలు తయారవుతాయని వాళ్ళ భయం. న్యాయం గురించిన పాఠం అన్యాయానికి పనిముట్టు కావడంలో వెటకారం వాళ్ళకు తెలుసు. ఆన్‌లైన్ విద్యమీద ఇన్నేళ్ళలో నేను చదివిన పత్రాల్లో ఆ ఉత్తరానికే మొదటి స్థానం ఇస్తాను.

హార్వర్డ్, ఎం.ఐ.టి. కోర్సుల ఆరేళ్ళ లెక్కలను జస్టిన్ రైక్, హొసే రూయిపెరెజ్ 2019లో ‘సైన్స్’ పత్రికలో బయటపెట్టారు. పేరిచ్చినవారిలో సగానికిపైగా పాఠంలోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. 2017–18లో పూర్తిచేసినవారు 3 శాతం చిల్లర. పూర్తిచెయ్యకపోతే ఏం, గ్రంథాలయానికి వచ్చినవాడు ప్రతి పుస్తకం చివరిదాకా చదువుతాడా అని కొందరు సమర్థించారు. ఈ వాదంలో బలముంది. 1935లో కృష్ణా కాలువమీద పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో గ్రంథాలయం నడిచింది. ఎవరు ఎన్ని పేజీలు తిప్పారని ఎవరూ లెక్కపెట్టలేదు. కాని ఆ పడవ తాను కాలేజీకి బదులని చెప్పుకోలేదు, షేర్లు అమ్మలేదు. ఎడెక్స్‌ను 2021లో 80 కోట్ల డాలర్లకు ఒక కంపెనీ కొంది. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది.

పరిశోధకుల్లో పాత తగువొకటి ఉంది. 1983లో రిచర్డ్ క్లార్క్, బోధనా సాధనం సరుకు మోసే లారీలాంటిదనీ, లారీ మారినంతమాత్రాన తిండిలో పోషకం మారదనీ వాదించాడు. సాధనానికీ తనదైన శక్తి ఉందని రాబర్ట్ కోజ్మా ఎదురువాదం చేశాడు. నాకు క్లార్క్ మాట సగం నచ్చుతుంది. లారీ పోషకం మార్చదు, నిజమే. కాని లారీ ఎవరిది? ఏ ఊరికి పోతుందో, ఏ ఊరి పొలిమేరలో ఆగిపోతుందో నిర్ణయించేది ఎవరు? ఈ ప్రశ్న ఇద్దరూ వెయ్యలేదు.

2020 మార్చిలో ఆ ప్రశ్న మన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాలేజీలు మూశారు, పాఠాలు ఫోన్లలోకి ఎక్కాయి. అంతకు రెండేళ్ళముందు జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లెటూరి ఇళ్ళల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15 శాతానికి లోపు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆ వేసవిలో దాదాపు 2,500 మంది విద్యార్థులను అడిగితే, నూటికి దాదాపు తొంభైమందికి ఫోనుందన్న లెక్క తేలింది. ఆన్‌లైన్ పాఠం అందుకోగలమన్నవారు మాత్రం నూటికి 37. ఫోను ఉండటానికీ పాఠం అందటానికీ మధ్య ఉన్న ఆ యాభైమందిని గురించే ఈ వ్యాసమంతా. వాళ్ళు ఇళ్ళమీద, చెట్లకింద, ఊరిచివర సిగ్నల్ దొరికేచోట నిలబడ్డారు. అన్నాచెల్లెళ్ళకు ఒకే ఫోనుంటే అది ఎవరి చేతికి పోయిందో మనకు తెలియనిది కాదు.

ఆ రోజుల్లో నేనూ తెరముందు కూర్చుని పాఠం చెప్పాను. నల్లటి గళ్ళు, గడికొక పేరు. వింటున్నారా అంటే, వినిపిస్తోంది సార్ అని ఎవరో ఒకరు రాసేవారు. సాయంత్రానికి యంత్రం ఒక పట్టిక ఇచ్చేది: ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి పోయారు. ఆ పట్టికలే తర్వాత పరిశోధనలకు ముడిసరుకయ్యాయి. యంత్రం దేన్ని నమోదు చెయ్యగలదో దాన్నే నిమగ్నత అని పిలవడం, తర్వాత దాన్ని పెంచడానికి యంత్రంలో మార్పులు సూచించడం, ఇదీ ఆ పరిశోధనల్లో ఎక్కువభాగం నడిచిన తీరు. సిగ్నల్ పోయినవాడూ, ఆసక్తి పోయినవాడూ ఆ పట్టికలో ఒకేలా కనిపిస్తారు.

ఇందులో ఉపాధ్యాయుడి శ్రమ సంగతి ఎక్కువమంది ఎత్తరు. ఎత్తినవాడు డేవిడ్ నోబుల్. యంత్రాల చరిత్రకారుడు, కెనడాలో యార్క్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు. ఒకసారి రికార్డు చేసిన పాఠం యాజమాన్యం ఆస్తి అయిపోతుందనీ, ఆ తర్వాత ఆ ఆచార్యుడి అవసరం ఉండదనీ 1990లలోనే రాశాడు. 1997లో యార్క్ అధ్యాపకులు సమ్మెచేసి, తరగతిలో సాంకేతిక సాధనాలు వాడటంమీద తమ హక్కును ఒప్పందంలోకి ఎక్కించుకున్నారు. నోబుల్ కొన్నిచోట్ల అతిగా మాట్లాడాడు. దూరవిద్య అంతా డిగ్రీల మర అన్నట్టు రాశాడు. మన ఆదివారం బెంచీలు చూసి ఉంటే అంత తేలిగ్గా అని ఉండేవాడు కాడు. కాని ఆస్తి ప్రశ్న అతను వేసిందే. మన దేశంలో 2017లో స్వయం వేదిక వచ్చింది. 2021 నిబంధనలు ఒక సెమిస్టరులో నూటికి 40 వంతుల కోర్సులను దాని ద్వారా చెయ్యనిచ్చాయి. విద్యార్థికి ఇది వీలే. తెలుగు శాఖల్లో, చరిత్ర శాఖల్లో ఖాళీలు భర్తీకాని కాలేజీలో ఆ నలభై వంతులు ఎవరి కుర్చీమీద పడతాయో లెక్క వేసుకోవడం కష్టంకాదు.

2020 వేసవిలో డిగ్రీ పిల్లలు చాలామంది ఉపాధిహామీ పనికి పోయారు. పాఠం జరిగే వేళకు మట్టితట్ట మోస్తున్నారు. మా విద్యార్థులు కొందరు వాట్సాప్‌లో తమలో తాము ఒక గుంపు పెట్టుకున్నారు, మమ్మల్ని చేర్చుకోలేదు. తర్వాత ఒకమ్మాయి నాకు వినిపించింది. పొద్దున పాఠం విన్న పిల్ల, పనినుంచి రాత్రికి వచ్చే స్నేహితురాలికోసం ఆ పాఠాన్ని తన మాటల్లో చిన్నచిన్న ముక్కలుగా చెప్పి పంపింది. మధ్యలో కుక్క అరుపు, వాళ్ళమ్మ పిలుపు. నేను గంటసేపు చెప్పిన అలంకారం ఆమె నాలుగు నిమిషాల్లో, వాళ్ళ ఊరి సామెతతో చెప్పింది. చివర, “అర్థమయిందా అక్కా, కాకపోతే మళ్ళీ చెప్తా” అంది. అవతలినుంచి జవాబు రాత్రి పదకొండుకు వచ్చింది, ఒక ప్రశ్నతో. అలాంటివి ఆ గుంపులో వందలున్నాయని చెప్పింది. అందులో కొన్ని మాత్రమే ఆమె దగ్గర మిగిలాయి. ఫోను నిండిపోయినప్పుడల్లా పాతవి చెరిపేసుకుంటూ వచ్చారు.